టింగ్ టింగ్ అంటే ఏమిటో కాస్త తెలుగులో చెప్పండి

గౌరవనీయులైన కార్ల కంపెనీల డిజైన్ ఇంజనీర్లకు, పుణెలో వాహన ప్రమాణాలు రాసే కమిటీ సభ్యులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ నాగోలులో ఉంటాను. మాది మూడేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు. గేర్లు చేత్తో మార్చేదే కానీ తాళం పెట్టి తిప్పే పని లేదు. జేబులో రిమోట్ ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టవుతుంది. ఏ కంపెనీదో రాయను. రాస్తే మిగతా కంపెనీలవాళ్లు "హమ్మయ్య, మనది కాదు" అనుకుని ఈ ఉత్తరం పక్కన పడేస్తారు. మా తోడల్లుడి కారు వేరే కంపెనీది, ఆఫీసులో నా పక్క సీటాయనది ఇంకో కంపెనీది. మూడూ రోజంతా టింగ్ టింగ్ అంటూనే ఉంటాయి. ఎందుకంటున్నాయో మా ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా తెలీదు.

నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది మాత్రం ఒక రైలు ప్రయాణం వల్ల.

పోయినేడాది వానాకాలంలో ఒక తెల్లవారుజామున నేను విశాఖపట్నం వెళ్లాలి. సికింద్రాబాద్ స్టేషన్ దాకా నేనే నడిపాను, మా ఆవిడ పక్కన కూర్చుంది. నన్ను దింపేసి బండి ఇంటికి తీసుకెళ్లాలని అనుకున్నాం. స్టేషన్ ముందు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందొక ఆటో, వెనకొక ఆటో, పక్కన "ఆగొద్దు, ఆగొద్దు" అంటూ విజిలేస్తున్న కానిస్టేబుల్. పైగా సన్నగా వాన. ఇంజన్ ఆపకుండానే దిగి డిక్కీలోంచి సూట్‌కేసు తీసుకున్నాను. మా ఆవిడ అటువైపు దిగి, చుట్టూ తిరిగొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంతసేపూ కారు టింగ్ టింగ్ అంటూనే ఉంది. తలుపు తీస్తే అంటుంది, బెల్టు విప్పితే అంటుంది, డిక్కీ తెరిస్తే అంటుంది. ఆ అర నిమిషంలో మేం ఈ మూడు పనులూ చేశాం కాబట్టి అది అరవడం మాకు వింతగా తోచలేదు. ఆవిడ బెల్టు పెట్టుకుని, నాకు చెయ్యి ఊపి, వెళ్లిపోయింది.

తార్నాక దాటేలోపు కారు మళ్లీ రెండు మూడుసార్లు అరిచిందట. పక్క సీట్లో తన హ్యాండ్‌బ్యాగు ఉంది. దానికి బెల్టు పెట్టలేదని గోల చేస్తోందనుకుని బ్యాగు తీసి కింద పెట్టింది. కాసేపటికి కారు ఊరుకుంది. బ్యాగు వల్లే అన్నమాట, అని ఆవిడ నిశ్చింతగా నడుపుకుంటూ పోయింది.

హబ్సిగూడ దగ్గర ఒక బంకులో ఆగి, ఇంజన్ ఆపి, వెయ్యి రూపాయల పెట్రోలు పోయించుకుంది. బటన్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ.

నా రైలు మౌలాలి దాటుతుండగా ఫోన్ వచ్చింది. "ఏమండీ, బండి స్టార్ట్ కావట్లేదు. తాళం బొమ్మ మీద అడ్డగీత పడి కనిపిస్తోంది."

నా చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది. వేళ్లకు తగిలింది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఆ రైలు ఇప్పట్లో ఎక్కడా ఆగదు. రెండో తాళం ఇంట్లో బీరువాలో, ఇంటి కాగితాల కింద ఉంది. మావాడు నిద్రలో ఉన్నాడు, వాడి ఫోన్ సైలెంట్‌లో ఉంది. వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, అతను పైకెళ్లి తలుపు బాది, వాడు లేచి, బీరువా తాళం ఎక్కడుందో వెతుక్కుని, బైకు మీద వచ్చేసరికి దాదాపు గంట పట్టింది. ఈలోపు మా ఆవిడ తలుపు తీసి దిగేసరికి స్టీరింగ్ కూడా బిగుసుకుపోయింది. పంపు ముందు నుంచి బండిని పక్కకు తిప్పి తోయడానికి వీల్లేదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. అప్పుడు బంకులో పనిచేసే కుర్రాడు చాలా మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడట.

"తాళం లేకుంట ఇక్కడిదాక ఎట్ల వచ్చిన్రు మేడం?"

జవాబు మీకు తెలుసు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. కారు లోపల అక్కడక్కడా చిన్న యాంటెన్నాలు దాచి ఉంటాయి. బటన్ నొక్కినప్పుడు అవి 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతం పంపిస్తాయి. అది రెండు మూడు అడుగుల దూరం దాటి పెద్దగా పోదు. దగ్గర్లో రిమోట్ ఉంటే నిద్రలేచి 433 మెగాహెర్ట్జ్ మీద "ఉన్నాను" అని జవాబిస్తుంది. జవాబు సరైనదైతే ఇంజన్ స్టార్టవుతుంది. ఒకసారి స్టార్టయ్యాక మాత్రం రిమోట్ దూరంగా పోయినా ఇంజన్ ఆగదు. ఆగకూడదు కూడా. లారీని ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు రిమోట్‌లో బ్యాటరీ అయిపోయిందనుకోండి, ఆ క్షణాన ఇంజన్ ఆగిపోతే మనుషులు పోతారు. కాబట్టి ఇంజన్‌ని నడవనిచ్చి, తాళం కనిపించట్లేదని హెచ్చరించి ఊరుకునేలా చేశారు. అది తెలివైన నిర్ణయమే, దానితో నాకు పేచీ లేదు.

కానీ అలా నిర్ణయించాక, తాళం బండిలో లేదని మనిషికి తెలియడానికి మిగిలింది ఆ శబ్దం ఒక్కటే కదా. పాత కారులో ఈ బాధే లేదు. తాళం దాని కన్నంలో వేలాడుతూ కంటికి కనిపించేది, తీస్తే బండి ఆగిపోయేది. తాళాన్ని మీరు కంటి ముందు నుంచి తీసి జేబులో పెట్టారు. దాని బదులు చెవికి ఒక కబురు ఇచ్చారు. ఆ కబురు, హ్యాండ్‌బ్యాగుకు బెల్టు లేదనే కబురు, డిక్కీ తెరిచి ఉందనే కబురు, మూడూ మా కారులో ఒకే గొంతుతో వస్తాయి. కొంచెం వేగం తేడా ఉందని తర్వాత సర్వీస్ సెంటర్లో చెప్పారు. ఒకటి సెకనుకు ఒకసారి, ఇంకొకటి సెకనుకు రెండుసార్లు మోగుతుందట. వానలో, విజిల్ మధ్యలో, వెనక ఆటో హారన్ కొడుతుండగా ఆ తేడా ఎవరు కనిపెట్టాలి?

మీటర్ల మధ్యలో బొమ్మ కూడా వస్తుంది కదా అంటారేమో. వస్తుంది. అగ్గిపుల్ల తలంత పసుపు బొమ్మ, కింద ఇంగ్లీషులో "కీ నాట్ డిటెక్టెడ్" అని. స్టేషన్ ముందు జనంలోంచి బండి బయటికి తీసేవాళ్ల కళ్లు రోడ్డు మీద ఉంటాయి, ఉండాలి.

మా కారు మామూలు రోజున ఎన్నిసార్లు అరుస్తుందో ఒక ఆదివారం నిజంగానే లెక్కపెట్టాను. రైతుబజారుకు వెళ్లి రావడానికి, మధ్యలో మందుల షాపు దగ్గర ఆగడానికి కలిపి ఇరవై మూడుసార్లు. ఒక్కో వరసను ఒకటిగా లెక్కేస్తేనే ఇది. టింగులు విడివిడిగా లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది. ఆ ఇరవై మూడింట్లో నేను పట్టించుకుని ఏదైనా చేయాల్సినవి రెండు: సెల్లార్లో స్తంభానికి మరీ దగ్గరగా వెళ్లానని వెనక సెన్సర్ చెప్పింది, వెనక తలుపు సరిగా పడలేదని ఇంకొకటి చెప్పింది. మిగిలినవి ఎలాంటివో కొన్ని చెప్తాను.

ముందు సీట్లో కూరగాయల సంచి పెట్టాను. సొరకాయ, దోసకాయలు, రెండు కిలోల టమాటాలు. సీటు కింద ఉన్న సెన్సర్ దాన్ని మనిషనుకుంది. గోల పడలేక చివరికి సంచికి బెల్టు పెట్టాను. సొరకాయకు సీటు బెల్టు పెట్టిన మొదటి తెలుగువాణ్ణి నేనే అయ్యుండను.

మందుల షాపు దగ్గర ఎండ. మా అమ్మ వెనక సీట్లో ఉంది, ఆమె కోసం ఏసీ నడవాలి. ఇంజన్ ఆపకుండా రిమోట్ జేబులో వేసుకుని దిగాను. తలుపు మూయగానే కారు బయటికి వినిపించేలా గట్టిగా మూడుసార్లు కూసింది. షాపులోవాళ్లు, పక్కన చెరుకురసం బండాయన, అందరూ నావైపు చూశారు, నేనేదో దొంగతనం చేసి పారిపోతున్నట్టు. లోపల అమ్మ కంగారు పడి "ఏమైందిరా, పేలుతుందా?" అంది. ఇదే కూత రాత్రి పదకొండింటికి అపార్ట్‌మెంట్ గేటు ముందు కూడా కూస్తుంది. వాచ్‌మన్ నిద్రపోయుంటే గేటు మనమే తీసుకోవాలి కదా, దిగిన ప్రతిసారీ ఇదే కచేరీ. మా వీధి కుక్కలకు నా రాక బాగా తెలుసు.

అన్నిటికంటే పెద్ద కచేరీ మాత్రం కారు కొన్న మొదటి రోజునే జరిగింది. వాహన పూజకు గుడికి తీసుకెళ్లాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమలు, నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పూజారి గారు "ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచండి, తాళాలు ఇటివ్వండి" అన్నారు. రిమోట్ పళ్లెంలో పెట్టుకుని స్వామి పాదాలకు తాకించడానికి గర్భగుడిలోకి వెళ్లారు. అంతే, కారు అందుకుంది. తలుపులు నాలుగూ తెరిచి ఉన్నాయని, తాళం లేదని, బెల్టు లేదని. ఆయన బయటికొచ్చి హారతి ఇస్తుంటే గంట మోత వినబడలేదు, మా కారు మోతే వినబడింది. ఆయన అలవాటైన మనిషిలా నవ్వి, "కొత్త బళ్లన్నీ ఇంతే బాబూ, పాత బళ్లు కాస్త మంత్రాలు విననిచ్చేవి" అన్నారు.

షోరూమ్‌లో కారు అప్పగించేటప్పుడు కేకు కోయించారు, దండలు వేశారు, మనిషంత పొడవున్న అట్టముక్క తాళంచెవి మా చేతికిచ్చి ఫోటో తీశారు. (తాళం అక్కర్లేని కారుకు అంత పెద్ద తాళమెందుకో అప్పుడు తట్టలేదు.) రిమోట్‌లో బ్యాటరీ అయిపోతే దాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కాలని గానీ, రిమోట్ పక్క మీట నొక్కితే లోపల్నుంచి ఇనప తాళం బయటికొస్తుందని గానీ, ఇంజన్ నడుస్తుండగా తాళం దూరమైతే ఏ శబ్దం వస్తుందో గానీ ఎవరూ చెప్పలేదు. లోపలుండేది వాచీలో వేసేలాంటి బిళ్ల బ్యాటరీ అనీ, దాని పేరు సీఆర్2032 అనీ నేను తెలుసుకుంది రెండేళ్ల తర్వాత.

మా చెల్లెలు ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సు. ఈ స్టేషన్ కథ చెప్తే అందరూ నవ్వారు కానీ తను నవ్వలేదు. "అన్నయ్యా, దీన్ని మేం అలారం ఫెటీగ్ అంటాం" అంది. వేలికి పెట్టిన క్లిప్పు జారినా మోత, సెలైన్ అయిపోయినా మోత, నిజంగా గుండె తడబడినా మోత. షిఫ్టంతా వినీ వినీ చెవి వాటిని వడకట్టి అవతల పారేస్తుంది, అది నర్సు బద్ధకం కాదు, మనిషి చెవి పనిచేసే తీరే అంత అంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 మంది చనిపోయారని అందులో ఉంది. వైద్య పరికరాల అలారాలకు ఐఈసీ 60601-1-8 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. ప్రాణం మీదికొచ్చినదానికి పది మోతల వరస, మధ్యరకానికి మూడు, చిన్నదానికి ఒకటో రెండో. చూడకుండానే ఏ మంచం దగ్గరికి పరుగెత్తాలో తెలియాలని. అది కూడా చాలడం లేదని వాళ్లు బాధపడుతున్నారు. మా కారులో ఆ మాత్రం తరతమ భేదం కూడా లేదు.

కమిటీ సభ్యులకు ఒక మాట. ఏఐఎస్-145 అనే వాహన భద్రతా ప్రమాణం ప్రకారం 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ బెల్టు గుర్తుచేసే మోత, వేగం మోత, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. బెల్టు మోత తీసేయమని నేను అడగడం లేదు. ఇంకా గట్టిగా మోగినా సరే. నా సొరకాయ సంచిని వెనక సీట్లో పెట్టుకుంటాను, తప్పు నాదే. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు వెనక సీట్లో ఆయన బెల్టు పెట్టుకోలేదని తెలిసి దేశమంతా ఉలిక్కిపడింది. మరి ఆ రోజుల్లోనే, బెల్టు పెట్టుకోకుండా మోత మాత్రం ఆపే ఇనప క్లిప్పులు ఆన్‌లైన్‌లో బాహాటంగా అమ్ముడుపోయాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు ఆదేశాలిచ్చి వాటిని తీయించింది. తీసేసిన అమ్మకపు ప్రకటనలు 13,118. అన్ని వేల ప్రకటనలు పెట్టి అమ్మారంటే కొనేవాళ్లు ఎందరుండి ఉంటారు? వాళ్లందరికీ చావంటే లెక్కలేదని నేననుకోను. చిరాకు పుట్టి కొన్నవాళ్లే ఎక్కువ ఉంటారు.

చిరాకు ఎంత దూరం పోతుందో అమెరికావాళ్లు ఎప్పుడో చూశారు. 1974 మోడల్ కార్లకు, ముందు సీట్లవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే బండి స్టార్టే కాని ఏర్పాటు తప్పనిసరి చేశారు. సీటు మీద సరుకుల సంచి పెట్టినా, కుక్కపిల్ల కూర్చున్నా బండి కదిలేది కాదు. జనం ఎంత మండిపడ్డారంటే, అదే ఏడాది అక్టోబరులో అక్కడి కాంగ్రెస్ ఆ ఏర్పాటునే నిషేధించింది. బెల్టు మోత ఎనిమిది సెకన్లకు మించి తప్పనిసరి చేయకూడదని కూడా చట్టంలో రాసింది. బెల్టు మంచిదే, దాన్ని రుద్దిన తీరు వల్ల బెల్టుకే శత్రువులు తయారయ్యారు. చాలా ఏళ్లపాటు ఆ ఎనిమిది సెకన్లే అక్కడ నిబంధనలు రాసేవాళ్ల చేతులు కట్టేశాయి.

వేగం మోత సంగతికి వస్తే, గంటకు 80 కిలోమీటర్లు దాటగానే నిమిషానికోసారి హెచ్చరిస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. మా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో గంటకు 120 దాకా వెళ్లొచ్చని 2023లో పరిమితి పెంచారు. 158 కిలోమీటర్ల రోడ్డు, బోర్డుల మీద అంకెలు రాసి ఉన్నాయి. ఆ లేన్లో నేను బుద్ధిగా 95లో పోతుంటే నా కారు నిమిషానికోసారి నన్ను తప్పుపడుతుంది. విజయవాడ దాకా వెళ్తే దారిలో రెండు గంటలైనా 80 పైన నడుస్తాం. అంటే నూట ఇరవైసార్లు. సూర్యాపేట వచ్చేసరికి నాకు అది వినిపించడమే మానేస్తుంది. చెల్లెలు చెప్పింది ఇదే. అదే బడి ముందు, నలభై దాటకూడని చోట నేను డెబ్భైలో పోయినా అది నోరెత్తదు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నీ ఆ రోడ్డు పరిమితిని చూసి హెచ్చరించాలి. అక్కడా చాలామంది బండెక్కగానే దాన్ని ఆపేస్తున్నారట, బోర్డు తప్పుగా చదువుతుందని. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మళ్లీ మొదలవుతుంది. కాబట్టి యూరప్‌ది తెచ్చి అతికించమని నేననడం లేదు. మన దగ్గర కనీసం ఆ 80 అంకె ఎక్కడిదో, ఏ రోడ్డుకు సరిపోతుందో ఒకసారి మళ్లీ కూర్చుని చూడండి.

ఇక కంపెనీల సంగతి. సర్వీస్ సెంటర్‌కెళ్లి నా గోడు చెప్పుకున్నాను. కౌంటర్లో అబ్బాయి "అది సేఫ్టీ ఫీచర్ సార్, మేం ముట్టుకోం" అన్నాడు. నిజమే. తర్వాత కాస్త గొంతు తగ్గించి "బయట లాప్‌టాప్ పెట్టి కోడింగ్ మార్చేవాళ్లున్నారు సార్" అన్నాడు. నేను వెళ్లలేదు. కానీ వెళ్లేవాళ్లున్నారు. వాళ్లు బెల్టు మోతతో పాటు తాళం మోత కూడా ఆపించుకుని, వారంటీ పోగొట్టుకుని, హాయిగా ఉన్నామనుకుంటారు.

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పదిహేనేళ్ల నాటిది. తలుపు సరిగా పడకపోతే ఒక ఆడగొంతు "దయచేసి తలుపు మూయండి" అంటుంది. ముందు హిందీలో, తర్వాత తెలుగులో. ఆ గొంతు అరిగిపోయి జలుబు చేసినట్టుంటుంది, అయినా మూడో అంతస్తు మామ్మగారికి కూడా అర్థమవుతుంది. ఆవిడ వెంటనే తలుపు లాగుతుంది. పన్నెండు లక్షలు పోసి కొన్న నా కారులో ఆరు స్పీకర్లున్నాయి. పాట పెట్టమంటే పెడుతుంది, ఫోన్ కలపమంటే కలుపుతుంది. ఇప్పుడు కొన్ని కార్లు సన్‌రూఫ్ తెరవమని నోటితో చెప్తే తెరుస్తున్నాయని మీరే టీవీలో ప్రకటనలు వేస్తున్నారు. అంత మాటకారి బండి "తాళం బండిలో లేదు" అనే మూడు ముక్కలు చెప్పలేదా? ఆ మూడు ముక్కలు వినుంటే మా ఆవిడ కానిస్టేబుల్ విజిల్‌ని కూడా లెక్కచేయకుండా అక్కడే బ్రేకు వేసి నన్ను పేరు పెట్టి పిలిచేది. మామూలుగా పేరు పెట్టి పిలవదు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. తాళం బండి దాటి పోయిందన్న హెచ్చరికకు ఇంకే శబ్దంతోనూ పోలిక లేని శబ్దం ఇవ్వండి, వీలైతే మాటల్లో చెప్పండి, తెలుగు కావాలో తమిళం కావాలో కొన్నవాడు ఎంచుకుంటాడు. తాళం దొరికేదాకా, లేదా "తెలుసు" అని నేను ఒక మీట నొక్కేదాకా అది ఊరుకోకూడదు. మా ఆవిడ విషయంలో జరిగింది దీనికి తలకిందులు, కారు నాలుగుసార్లు అరిచి నోరు మూసుకుంది. అప్రధానమైన వాటి దగ్గర జీవితాంతం నస పెట్టి, ముఖ్యమైన చోట త్వరగా అలిసిపోయింది. అలాగే ఇంజన్ నడుస్తూ, బండి కదలకుండా, లోపల ఇంకొకరు కూర్చుని ఉన్నప్పుడు నేను దిగితే బయటి కూత ఒక్కసారి చాలు. మనిషి ఉన్నాడని సీటు సెన్సర్‌కు తెలుసు, సొరకాయను కనిపెట్టగలిగింది మా అమ్మను కనిపెట్టలేదా? వెనక సీట్లో సెన్సర్ లేదంటారా, అయితే అదీ పెట్టండి, వెనక బెల్టుకూ పనికొస్తుంది. చిన్నాచితకా మోతల శబ్దం తగ్గించుకునే వీలు సెట్టింగుల్లో ఇవ్వండి, బెల్టుది, బ్రేకుది, తాళానిది తప్ప.

ఇంకొకటి ఉంది, ఇది నవ్వులాట కాదు. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటుంది. బటన్ కారు, అందులోనూ పెట్రోలుతో పాటు బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ అయితే, ఆగిందో లేదో చెవికి తెలియదు. రిమోట్ జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోతారు, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పడకగదిలోకి పాకుతుంది. 2006 నుంచి అలా రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని 2018లో అక్కడి పత్రికలు లెక్క తీశాయి. అక్కడి రహదారి భద్రతా సంస్థ 2011లోనే గట్టి శబ్దం పెట్టాలని ప్రతిపాదించింది, ఏళ్లు గడిచినా అది నిబంధన కాలేదు. చివరికి 2021 మౌలిక వసతుల చట్టంలో, కాసేపటికి ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు మీద నిబంధన తేవాలని రాశారు. టొయోటా అయితే అక్కడ 2020 మోడళ్ల నుంచే ఆ ఏర్పాటు పెడతామని 2019లో ప్రకటించింది. గమనించండి, శబ్దం పెంచే దగ్గర మొదలుపెట్టి ఇంజన్ ఆపే దగ్గరికి వచ్చారు. మన దగ్గర ఆనుకుని ఉండే గ్యారేజీలు తక్కువే కానీ విల్లాలు పెరుగుతున్నాయి, హైబ్రిడ్లు పెరుగుతున్నాయి, సెల్లార్లో కారు పక్కనే మంచం వేసుకుని పడుకునే వాచ్‌మన్లు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఉన్నారు. నిలబడి ఉన్న కారులో మనిషి లేకుండా, తాళం లేకుండా, ఇంజన్ అరగంట నడిస్తే ఆపేయండి. అరిచి లాభం లేని చోట అదే మంచిది.

మీరు నిబంధనల ముసాయిదాలు అందరి అభిప్రాయం కోసం బయట పెడతారని విన్నాను. ఈ ఉత్తరాన్ని మా ఇంటి అభిప్రాయంగా జత చేసుకోండి. ఇంగ్లీషులోనే రాయాలంటే మావాడు రాసిస్తాడు, ఆ పొద్దున నిద్ర పాడైనందుకు వాడికీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

అప్పటిదాకా మా ఆవిడ తన ఏర్పాటు తాను చేసుకుంది. స్టీరింగ్ పక్కన, ఏసీ గాలి వచ్చే చోటికి కాస్త పైన, ఒక పసుపు చీటీ అంటించి స్కెచ్ పెన్నుతో రాసింది: "తాళం ఎవరి జేబులో ఉంది?" వానాకాలంలో జిగురు ఊడి రెండుసార్లు పడిపోయింది, మళ్లీ సెల్లోటేపు వేసి అంటించింది. నన్ను ఎక్కడ దింపినా, ముందు చెయ్యి చాపి రిమోట్ తీసుకుని, ఆ తర్వాతే దిగనిస్తుంది.

ఇట్లు,
నాగోలు నుంచి ఒక కారు యజమాని